ట్రౌట్‌కు ఏ ఫ్లై కట్టాలి? ముందు సైజు, తరువాత ఆకారం, చివరకు రంగు

[తెరపై: బల్ల మీద తెరిచి ఉన్న ఫ్లైల డబ్బా, పక్కన నీళ్లు నింపిన గాజు గిన్నె]

నమస్కారం. రాకీ పర్వతాల్లో మంచు కరగడం మొదలవగానే డెన్వర్ చుట్టుపక్కల ఉండే తెలుగు మిత్రుల నుంచి నాకు ఒకటే ప్రశ్న. "అన్నా, ఈ శనివారం ఎస్టెస్ పార్కు వెళ్తున్నాం. ట్రౌట్‌కు ఏ ఫ్లై కొనమంటావు?"

ఫ్లై అంటే కొక్కేనికి ఈకలో వెంట్రుకలో చుట్టి పురుగులా కట్టిన ఎర. ట్రౌట్ అంటే చల్లటి కొండ ఏళ్లలో ఉండే చేప. అడగడంలో తప్పు లేదు. ఆ ప్రశ్న వెనక ఉన్న నమ్మకంతోనే నాకు పేచీ. అచ్చం పురుగులా, కళ్లూ కాళ్లూ రెక్కల మీది గీతలతో సహా ఉండే ఫ్లై ఎక్కడో ఒకటి ఉంటుందని, దాన్ని కడితే చేప ఆగలేదని అనుకుంటారు. దుకాణంలో కంటికి నచ్చినవి పాతిక ముప్పై ఏరుకుని, సాయంత్రానికి ఖాళీ చేతులతో తిరిగివస్తారు. వాళ్ల ముఖాలు చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. పొద్దున్నే పిల్లల్ని లేపి రెండు గంటలు కారు నడుపుకుని వెళ్లినవాళ్లు కదా!

రాడ్డు పట్టుకోవడం, దారం విసరడం మీకు వచ్చనుకునే మాట్లాడుతున్నాను. ఈ రోజు మాట అంతా డబ్బాలోంచి ఏది తీయాలన్న దాని గురించే.

పెళ్లిలో బంతి భోజనం గుర్తుందా? ఇప్పటి బఫే కాదు. వరసగా విస్తళ్లు వేసి, అందరినీ కూర్చోబెట్టి వడ్డించే పాత పద్ధతి. విస్తరి ముందు కూర్చున్నవాడు లేవడు. బాల్చీలు, గరిటెలు పట్టుకుని వడ్డించేవాళ్లే అతని ముందుకు వస్తారు. కొండ ఏటిలో ట్రౌట్ బతుకు అచ్చంగా ఇదే. ఒక రాయి చాటున, నీటి వేగం తక్కువగా ఉన్న చోట, ప్రవాహానికి ఎదురుగా తలపెట్టి నిలబడి ఉంటుంది. వడ్డించేది ఏరు. పురుగు కొట్టుకు వస్తే తల కాస్త పక్కకు తిప్పి అందుకుని మళ్లీ తన చోటికి చేరుతుంది. ప్రతి పురుగు కోసం అడ్డంగా ఈదుకుంటూ పోతే తిన్నదానికన్నా ఖర్చయ్యే శక్తే ఎక్కువ.

ఈ బంతి మీ మనసులో కూర్చుంటే ఫ్లై ఎంపిక సగం వచ్చేసినట్టే. ఎందుకంటే అడగవలసిన ప్రశ్న మారిపోతుంది. ఏ ఫ్లై మంచిదని కాదు, ఇప్పుడు ఏం వడ్డిస్తున్నారని అడగాలి. పెరుగన్నం కలుపుకుంటున్నవాడి విస్తట్లో ఎంత కమ్మటి పప్పు వేసినా ముట్టుకోడు. పప్పుది తప్పు కాదు, దాని వేళ దాటిపోయింది.

మరి ఏం వడ్డిస్తున్నారో తెలిసేది ఎలా? రాయి తిప్పండి.

[తెరపై: అరచేతిలో తడి రాయి, దగ్గరి నుంచి]

మడమ లోతు నీళ్లలో, అరచేతి వెడల్పు రాయి ఒకటి తీసి తిరగేయండి. ఇదిగో, ఇది చూడండి. బల్లపరుపుగా, రాయిని అంటిపెట్టుకుని, పీతలా పక్కకు జరుగుతోంది. వెనక మూడు తోకలు. నడుము పక్కన ఆకుల్లా సన్నగా అల్లాడుతున్నవి మొప్పలు. ఇది మేఫ్లై అనే రెక్కల పురుగు పిల్ల, నింఫ్ అంటాం. దాని పక్కన గోధుమగింజంత గొట్టం ఉంది, చూశారా? ఇసుక రేణువులు ఏరి, తన నోటి జిగురుతో ఒక్కొక్కటి అతికించి కట్టుకున్న ఇల్లు అది. లోపల కాడిస్ పురుగు ఉంటుంది. నేను ఎన్ని వందల రాళ్లు తిప్పానో, ఈ గొట్టం కనిపించిన ప్రతిసారీ ఒక్క నిమిషం ఆగి చూడకుండా ఉండలేను. ఇక రెండే తోకలు ఉండి, ఒక్కో కాలి చివర రెండేసి గోళ్లతో, బలంగా నడిచేది స్టోన్‌ఫ్లై.

చూసిన వెంటనే రాయిని తీసిన చోటే, తీసిన తీరునే పెట్టేయండి. అది వాటి ఇల్లు.

ఇప్పుడు ఆ నింఫ్ పక్కన మీ డబ్బాలోని ఫ్లైని పెట్టి చూడండి. మొట్టమొదట సరిచూడవలసింది పొడవు. ఇక్కడే అందరూ తప్పుతారు. మొరైన్ పార్కులో బిగ్ థాంప్సన్ నది గడ్డి మైదానంలో మెలికలు తిరుగుతూ పోతుంది. అక్కడ ఒక మధ్యాహ్నం గట్టు కిందినుంచి ఒక బ్రౌన్ ట్రౌట్ ఆగి ఆగి పైకి వచ్చి తింటోంది. నేను ఆడమ్స్ అనే తేలే ఫ్లై, 12 సైజుది వేశాను. పైకి తేలింది, ముక్కు దాదాపు ఆనించింది, అలాగే కిందికి దిగిపోయింది. మూడుసార్లు ఇదే వరస. ఫ్లై మార్చలేదు. అదే ఆడమ్స్, అదే బూడిద రంగు, 18 సైజుది కట్టాను. సైజు అంకె పెరిగేకొద్దీ ఫ్లై చిన్నదవుతుంది. రెండో విసురుకే నోట పట్టింది. నీటి మీద ఆ పూట తేలుతున్న పురుగులు బియ్యపుగింజంత ఉన్నాయి. నేను మొదట వేసింది వాటికి రెండింతలు.

సైజు కుదిరాక ఆకారం. రంగు ఎందుకు చివరిదో ఈ గాజు గిన్నెలో చూపిస్తాను.

[తెరపై: గిన్నె అడుగు నుంచి పైకి చూస్తున్న కెమెరా]

నీటి మీద మూడు ఫ్లైలు వేశాను. ఒకటి ఆడమ్స్. ఒకటి దుప్పి వెంట్రుకలతో కట్టిన ఎల్క్ హెయిర్ కాడిస్. మూడోది దుకాణంలో అందరూ ఎగబడే రంగురంగుల బొమ్మ. ఇప్పుడు కెమెరా చేప ఉండే చోట ఉంది. పైన గుండ్రటి కిటికీలా వెలుగు కనిపిస్తోంది. నీటిలోంచి పైకి చూస్తే కాంతి వంగడం వల్ల ఆకాశమంతా ఆ గుండ్రటి కిటికీలోనే ఇమిడిపోతుంది. ఆ వెలుగుకు అడ్డంగా ఉన్న మూడు ఫ్లైలూ ఏ రంగులో ఉన్నాయి? మూడూ నల్లటి నీడలే. రెక్కల మీది గీతలు ఏవీ? కళ్లు ఏవీ? కనిపించేవి నీటిపొర మీద కాళ్లు నొక్కిన చిన్న గుంటలు, ఒంటి పొడవు, రెక్క నిలబడి ఉందా పడుకుని ఉందా అన్నది. అంతే. మేఫ్లై రెక్క తెరచాపలా నిలబడుతుంది. కాడిస్ రెక్క పెంకుటింటి కప్పులా రెండు వైపులకు వాలుతుంది. చేపకు అందే గుర్తులు ఇవి. దుకాణంలో మనం చూసే అందం మన కళ్ల కోసం ఉన్నది. రంగుకు అసలు విలువ లేదని అనను. తేటనీటిలో, నిదానంగా పారే చోట లేతదా ముదురుదా అన్నది పట్టింపే. కానీ అది మూడో మెట్టు.

ఆడమ్స్ సంగతే చూడండి. 1922లో మిచిగన్ రాష్ట్రంలో లెన్ హాలడే కట్టాడు, తన మిత్రుడు చార్లెస్ ఆడమ్స్ పేరు పెట్టాడు. అది ఏ ఒక్క పురుగుకూ నకలు కాదు. నూరేళ్లు దాటాయి, ఇప్పటికీ నా డబ్బాలో మొదటి వరస దానిదే. అలాగే ఇంగ్లండులో ఏవన్ నదిని కాచుకున్న ఫ్రాంక్ సాయర్ కట్టిన ఫెజెంట్ టెయిల్. నెమలి జాతి పక్షి తోక ఈకలు, సన్నటి రాగితీగ, కొక్కెం. అసలు దానిలో నూలుదారం కూడా లేదు. అయినా నీటి అడుగున మేఫ్లై నింఫ్‌కు అంత దగ్గరగా వచ్చేది మరొకటి నేను చూడలేదు.

మళ్లీ మన బంతికి వద్దాం. విస్తట్లో ఎప్పుడూ ఉండేవి అన్నం, పప్పు. ఏటిలో నింఫ్‌లు అలాంటివి. ట్రౌట్ తినేదాంట్లో ఎక్కువ భాగం నీటి అడుగునే దొరుకుతుంది. నీటి మీద తేలే పురుగులు వేడి గారెల్లాంటివి. అవి వచ్చినప్పుడు అందరి చూపూ అటే, కానీ వచ్చి వెళ్లిపోతాయి. వేసవిలో ఆ వేళలు తెలుసుకోవాలి. జూలైలో పొద్దున పది దాటాక మధ్యాహ్నం దాకా లేత పసుపు మేఫ్లైలు లేస్తాయి, పీఎండీ అంటారు, 16 లేదా 18 సైజు. ఎండ వాలాక కాడిస్, 14 లేదా 16. జూలై ఆఖరు నుంచి సెప్టెంబరు దాకా, గాలి వీచే మధ్యాహ్నాల్లో గట్టు మీది మిడతలు నీళ్లలో పడతాయి. మిడత అంటే పూర్ణం బూరె. కడుపు నిండినవాడు కూడా దానికి చెయ్యి చాపుతాడు. మిడత ఫ్లైని గట్టుకు జానెడు దూరంలో, కాస్త చప్పుడయ్యేలా పడేయండి. చీమ మాత్రం ఎవరికీ గుర్తురాదు. 16 సైజు నల్ల చీమ ఫ్లైలు రెండు పెట్టుకోండి. వేసవంతా ఏదో ఒక చెట్టు కింద అది పడుతూనే ఉంటుంది.

బంతిలో కూర్చున్నది ఎవరన్నది కూడా చూడాలి. ఎత్తయిన కొండ వాగుల్లో ఏడాదిలో సగానికి పైగా మంచే. తిండి దొరికే కాలం చాలా తక్కువ. అక్కడి చేప ఆఖరి బంతిలో, ఆకలి మీద కూర్చున్న పిల్లాడి లాంటిది. సైజు దాదాపు సరిపోయి, ముందుకు తిన్నగా వస్తే చాలు, పుచ్చుకుంటుంది. అలాంటి చోటికి వెళ్తూ నలభై రకాలు మోయనక్కరలేదు. ఆనకట్ట కింది నదుల సంగతి పూర్తిగా వేరు. సౌత్ ప్లాట్ నది మీద చీస్‌మన్ కాన్యన్ ఉంది. ఆనకట్ట అడుగు నుంచి వచ్చే నీరు ఏడాది పొడుగునా చల్లగా ఉంటుంది, తిండికి కొదవలేదు, రోజూ గాలాలు చూసి చూసి ఉన్న చేపలు. వాళ్లు వియ్యాలవారు. ఉప్పు కాస్త అటూఇటూ అయినా విస్తరి ముందు చెయ్యి వెనక్కి తీసుకుంటారు. అక్కడ 20, 22 సైజు మిడ్జ్‌లు, అంటే దోమలాంటి చిన్న పురుగుల ఫ్లైలు, ఉండాల్సిందే. నీటిమీద వీపు మాత్రమే కనిపించి ముక్కు కనిపించకపోతే అవి పైపొర కిందే తింటున్నాయని అర్థం. అప్పుడు తేలే ఫ్లై తీసేసి, అదే నది మీద పేరు తెచ్చుకున్న రిమ్ చుంగ్ కట్టిన ఆర్‌ఎస్2 వేయండి. మొదటిసారి కుటుంబంతో వెళ్లేవాళ్లను అక్కడికి వెళ్లవద్దనే చెబుతాను. బిగ్ థాంప్సన్‌కు, పూడర్ నదికి వెళ్లండి. పిల్లలకు చేప కనబడాలి.

ఇక సరైన పదార్థమే తెచ్చి, విస్తరి ముందు ఆగకుండా అడ్డంగా లాక్కుపోతే ఎవరు పుచ్చుకుంటారు? మీ దారం ఫ్లైని లాగినప్పుడు జరిగేది అదే. ఫ్లై పక్కన తేలుతున్న నురగబుడగను చూడండి. రెండూ ఒకే వేగంతో వస్తున్నాయా? బుడగ వెనకబడితే మీ ఫ్లై పరుగెత్తుతోంది. ఫ్లై మార్చేముందు నిలబడే చోటు మార్చండి, రెండడుగులు దగ్గరకు వెళ్లండి. నా అనుభవంలో ఫ్లై తప్పని మనం అనుకున్న సందర్భాల్లో సగం ఇదే కారణం.

సమయం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

ఏం వేయాలో అసలు తెలియకపోతే రెండు కట్టండి. పైన 10 సైజు మిడత, దాని కొక్కేనికి ఒకటిన్నర అడుగుల సన్నదారం, చివర బరువు పూస ఉన్న 16 సైజు ఫెజెంట్ టెయిల్. బూరె, పప్పు ఒకేసారి వడ్డించినట్టు. మిడత ఆగినా మునిగినా రాడ్డు ఎత్తండి.

సన్నదారం ఎంత సన్నం? ఫ్లై సైజును మూడుతో భాగించండి. 16 సైజుకు సుమారు 5ఎక్స్. ఎక్స్ ముందున్న అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. పెద్ద మిడతకు 3ఎక్స్ లేదా 4ఎక్స్, లేకపోతే దారం మెలిపడిపోతుంది.

మే చివర, జూన్ మొదటి సగంలో వెళ్లకండి. మంచునీటితో నదులు ఉరకలెత్తుతూ బురదగా ఉంటాయి. జూలై మొదటికి తేటపడతాయి.

పదహారేళ్లు నిండినవాళ్లందరికీ కొలరాడో లైసెన్సు కావాలి. రాకీ మౌంటెన్ జాతీయ పార్కులో పట్టి వదిలేయవలసిన నీళ్లలో ముల్లు లేని కొక్కెం తప్పనిసరి. కొక్కెం మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ఆ చిన్న ముల్లును పటకారుతో నొక్కేస్తే సరిపోతుంది. నన్నడిగితే ఎక్కడైనా నొక్కేయండి. గ్రీన్‌బ్యాక్ కట్‌త్రోట్ అనే ట్రౌట్ ఈ రాష్ట్రపు అధికారిక చేప, ఒకప్పుడు అంతరించిపోయిందనుకున్నది. చేతికి వస్తే తడిచేత్తో పట్టుకుని, నీళ్లలోంచి పైకి తీయకుండానే వదిలేయండి.

మధ్యాహ్నం ఉరుము వినిపిస్తే వెంటనే రాడ్డు దించేసి కారెక్కండి. కార్బన్ రాడ్డు పిడుగును పిలిచినట్టే.

జేబులో చిన్న థర్మామీటరు పెట్టుకోండి. నీరు 20 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే చేపకు ఊపిరి కష్టమవుతుంది. పట్టి వదిలినా చచ్చిపోవచ్చు. ఆగస్టులో తక్కువ ఎత్తున ఉన్న నదులు మధ్యాహ్నానికి అక్కడికి చేరుకుంటాయి. అందుకే తెల్లవారుజామున మొదలుపెట్టి పన్నెండుకల్లా దారం చుట్టేయండి, లేదా ఇంకా పైకి, చల్లటి వాగులకు వెళ్లండి.

ఈ శనివారం వెళ్లేవాళ్లు, కొనడానికి ముందే ఒక రాయి తిప్పి ఫొటో తీసి పంపండి. పక్కన ఒక బియ్యపుగింజో, మీ చిటికెన వేలి గోరో ఉంచండి, పొడవు తెలియాలి. ఏ సైజు కట్టాలో నేను చెబుతాను.