చెవికంటే ముందు మీటరు చెబుతుంది: డాట్ రికార్డర్ల అరుగుదల, సర్వీసింగ్

అందరికీ నమస్కారం. పాత డాట్ టేపులను కంప్యూటర్‌లోకి ఎక్కించే పనిలో ఉన్నవాళ్లే ఇక్కడ ఎక్కువమంది కాబట్టి, డాట్ (డిజిటల్ ఆడియో టేప్) అంటే శబ్దాన్ని అంకెల రూపంలో చిన్న కాసెట్ టేపు మీద రాసే పద్ధతి అని ఒక్క ముక్క చెప్పి, అంతకుమించి మీ టైం తినను. సోనీ ఈ రికార్డర్లను 1987లో తెచ్చి, 2005లో తయారీ ఆపేసింది. మన బల్ల మీద ఉన్నవన్నీ వయసు మళ్లిన మెషీన్లే. కొన్నదగ్గర్నుంచి మూత కూడా తీయలేదని మురిసిపోయే మెషీన్‌ను నేను ఇంకొంచెం అనుమానంగానే చూస్తాను. వాడకపోయినా రబ్బరు గట్టిపడుతుంది, గ్రీజు బంకలా బిగుసుకుంటుంది, కెపాసిటర్లు కారతాయి.

మామూలు కాసెట్ డెక్ అరిగితే చెవి పట్టేస్తుంది. శబ్దం మసకబారుతుంది, స్పీడు ఊగుతుంది. డాట్‌తో వచ్చిన చిక్కు ఏమిటంటే, అది చివరిదాకా బాగానే వినిపిస్తుంది. టేపు నుంచి చదివిన డేటాలో తప్పులుంటే ఎర్రర్ కరెక్షన్ రెండు అంచెల్లో సరిదిద్దుతుంది. దానికీ లొంగనివాటిని పక్క శాంపిళ్లను (శబ్దాన్ని క్షణక్షణం కొలిచిన అంకెలను) బట్టి అంచనా కట్టి పూడుస్తుంది. అదీ కుదరకపోతే శబ్దాన్ని కట్ చేస్తుంది. మనకు స్పష్టంగా తెలిసేది ఈ ఆఖరి దశే. మొదటి దశలో సర్క్యూట్ ఎంత అవస్థ పడుతోందో స్పీకర్‌లో వినపడదు. అందుకే ఎర్రర్ కౌంట్, అంటే ఎన్ని తప్పులు దొర్లుతున్నాయో చెప్పే అంకె, చూడమంటాను. చాలా స్టూడియో డెక్కుల్లో ఫలానా బటన్లు కలిపి నొక్కితే అది డిస్‌ప్లే మీదికి వస్తుంది. ఏ బటన్లో మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది.

ఆ అంకెను ఒకసారి చూసి ఊరుకుంటే లాభం లేదు. బాగున్న మెషీన్ మీద రికార్డైన మంచి టేపు ఒకటి పక్కన పెట్టుకోండి. దాన్ని అప్పుడప్పుడూ వేసి, వచ్చిన అంకెను తేదీతో సహా రాసుకోండి. అంకె పెద్దదా చిన్నదా అన్నదానికంటే, అది పెరుగుతోందా లేదా అన్నదే ముఖ్యం. అన్నట్టు, అనుమానం ఉన్న మెషీన్‌లో ఆ మంచి టేపును ముందుగా పెట్టకండి. పోయినా ఫర్వాలేదనుకునే టేపు వేసి, అది నలక్కుండా బయటికి వచ్చిందా చూసుకున్నాకే అసలుది.

కొన్ని డెక్కులు ఎర్రర్లను ఒక్కో హెడ్‌కు (టేపును చదివే చిన్న భాగానికి) విడివిడిగా చూపిస్తాయి. ఆ సదుపాయం ఉంటే వదులుకోవద్దు. టేపు ఆనుకుని సాగే 30 మిల్లీమీటర్ల గుండ్రటి డ్రమ్ నిమిషానికి 2000 చుట్లు తిరుగుతూ ఉంటే, దాని మీద ఉన్న రెండు హెడ్లు ఒకదాని తర్వాత ఒకటి ఏటవాలు ట్రాకులను చదువుతాయి. ట్రాకు వెడల్పు 13.6 మైక్రాన్లు మాత్రమే. ఒక హెడ్ అంకె మాత్రమే పెరిగితే దానికి మురికి పట్టి ఉంటుంది, లేదా దాని అంచు అరిగి, విరిగి ఉంటుంది. రెండూ కలిసి పెరిగితే హెడ్లను వదిలేసి టేపు దారిని, దాన్ని దారిలో నిలిపే గైడ్లను, టేపు బిగువును (టెన్షన్‌ను) చూడాలి. ఒక హెడ్ పూర్తిగా మూసుకుపోయినా శబ్దం ఆగిపోదు. సరి, బేసి శాంపిళ్లను రెండు హెడ్లకూ పంచి రాస్తారు కాబట్టి, మిగిలిన సగంతో నెట్టుకొస్తూ గరగరమంటుంది.

సర్వీసింగ్‌కు ఇచ్చేముందు తప్పు టేపుదా మెషీన్‌దా తేల్చుకోండి. ఎర్రర్లు వచ్చిన చోటికి వెనక్కి వెళ్లి మళ్లీ ప్లే చేయండి. ప్రతిసారీ అక్కడే వస్తే టేపే చెడింది. టేపు ఏదైనా, చోటు ఏదైనా వస్తుంటే మెషీన్ తప్పు. తన టేపులను చక్కగా వాయిస్తూ, వేరేచోట రికార్డైనవాటికి మొరాయించే మెషీన్‌తో మరింత జాగ్రత్త. దాని గైడ్లు పక్కకు జరిగి ఉంటాయి. అయితే దాన్ని వెంటనే సరిచేయించడం అన్నిసార్లూ మంచిది కాదు. దాని మీద రికార్డైన టేపులు ఇంకా మిగిలి ఉంటే, ముందు వాటిని ఆ మెషీన్ మీదే ఎక్కించేసుకోండి. అలైన్‌మెంట్ (గైడ్ల అమరిక) సరిచేశాక అవి దాని మీద కూడా సరిగా రాకపోవచ్చు.

మెకానిజం సంగతి చెవికీ కంటికీ తెలిసిపోతుంది. కాసెట్ మింగి టేపును డ్రమ్‌కు చుట్టడానికి తటపటాయించడం, రివైండ్‌లో ఈడ్చుకుంటూ పోవడం, డ్రమ్ బేరింగ్ కీచుమనడం. వీటన్నిటికంటే నాకు భయం పుట్టించేది, ఎజెక్ట్ చేసినప్పుడు కాసెట్ మూత కింద టేపు కాస్త వదులుగా వేలాడటం. అది ఒక్కసారి కనిపించినా ఆ మెషీన్‌లో ఇంకో టేపు పెట్టకండి. రీల్ బ్రేకులోనో టెన్షన్‌లోనో తేడా వచ్చింది, తర్వాతి టేపును నమిలేస్తుంది. కంప్యూటర్ డేటా కోసం చేసిన పలచటి 90 మీటర్ల టేపుల మీద మూడేసి గంటలు రికార్డు చేసినవాళ్లున్నారు. ముందు నలిగేవి అవే.

శుభ్రం చేయడం గురించి రెండు మాటలు. క్లీనింగ్ కాసెట్ కూడా హెడ్‌ను అరగదీసేదే. దాన్ని కొన్ని సెకన్లు మాత్రమే నడపాలి, రోజూ చేసే పని కాదది. చేత్తో తుడిచేటప్పుడు దూది పుల్ల వద్దు, దాని పీచు హెడ్‌కు తగులుకుంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తటి చామోయిస్ (పలచటి తోలు) స్వాబ్‌ను డ్రమ్‌కు ఆనించి కదలకుండా పట్టుకుని, డ్రమ్‌నే వేలితో నెమ్మదిగా తిప్పండి. పైకీ కిందకీ రుద్దారో హెడ్ విరిగిపోతుంది. తడి ఆరేదాకా టేపు పెట్టకండి. ఇలా తుడిచాక ఎర్రర్ అంకె తగ్గి, కొద్ది రోజులకే మళ్లీ పైకెక్కుతోందంటే అది మురికి కథ కాదు. మెషీన్‌ను సర్వీసింగ్‌కు పంపాల్సిందే.

డ్రమ్ తిరిగిన గంటలను చూపే మెషీన్లు కొన్ని ఉన్నాయి. ఆ లెక్క పనికొచ్చేదే కానీ, గంటలు నిండాయని బాగున్న డ్రమ్‌ను మార్చేయకండి, కొత్తవి దొరకడం కష్టం. పాజ్‌లో పెట్టి వదిలేసినా డ్రమ్ తిరుగుతూనే ఉంటుందని, ఒకే చోట టేపును గీస్తుంటుందని గుర్తుంచుకోండి.

సర్వీసింగ్ చేసినవాళ్లను అమరిక సరిచూసే అలైన్‌మెంట్ టేపు వేసి, సిగ్నల్‌ను తెర మీద గీతగా చూపే ఆసిలోస్కోప్‌తో ఆర్‌ఎఫ్ సిగ్నల్ (హెడ్లు టేపు నుంచి అందుకునే సిగ్నల్) చూశారా అని అడగండి. ఆ సిగ్నల్ మొదలు నుంచి చివరిదాకా సమంగా ఉండాలి. ఒక చివర కుంగితే ఆ వైపు గైడు ఎత్తు తేడాగా ఉన్నట్టు. మెషీన్ తిరిగొచ్చిన రోజునే మీ మంచి టేపు వేసి, పాత కాగితంలో చివరి అంకె కింద కొత్త అంకె రాసుకోండి. తగ్గకపోతే ఆ రోజే వెనక్కి పంపండి.