గట్టు కాసే వట్టివేరు

శ్రోతలకు నమస్కారం.

వట్టివేరు అనగానే వేసవిలో కుండ నీళ్ళలో వేసుకునే వేళ్ళు, కిటికీకి కట్టి తడిపే తడికలు గుర్తొస్తాయి. ఆ వేళ్ళ పైనున్న గడ్డిని మాత్రం చాలామంది చూసినా పోల్చుకోలేరు. వంకల పక్కన, తేమ నేలల్లో దుబ్బులు దుబ్బులుగా నిలువెత్తు పెరుగుతుంది. చూపుకు నిమ్మగడ్డిలాగే ఉంటుంది. ఆకు నలిపితే తేడా తెలిసిపోతుంది, వట్టివేరు ఆకుకు ఆ వాసన ఉండదు. దీని పరిమళమంతా వేళ్ళలోనే. ఇంగ్లీషులో వెటివర్ అంటున్నదీ మన పొరుగు తమిళ మాటే.

ఈ పూట మాట్లాడేది తవ్వి తీసే వేరు గురించి కాదు, తవ్వకుండా నేలలో ఉంచితే చేసే మేలు గురించి. చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల వాలుగా ఉన్న ఎర్రనేలల్లో మామిడి తోపులున్నాయి. అక్టోబరు, నవంబరులో వాయుగుండం పట్టి ఒక్క రాత్రి కుండపోత కురిసిందంటే పైమట్టి వంకపాలే. వట్టివేరు వేళ్ళు పక్కలకు పాకవు, నిలువునా దిగుతాయి. మెత్తటి నేలలో ఏడాదికే 3 మీటర్లు దిగగలవు. కింద రాయి తగిలితే అంత దిగవనుకోండి. దుబ్బులు ఒకదాన్నొకటి ఒరుసుకుని వరుసగా నిలిస్తే, వాన నీళ్ళు వాటి మధ్య నుంచి జల్లెడ పట్టినట్టు మెల్లగా దాటతాయి. మోసుకొచ్చిన మట్టి ఎగువనే దిగబడుతుంది.

వరుస వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో సాగాలి. కంటి అంచనా మోసం చేస్తుంది. ఇల్లు కట్టే మేస్త్రి దగ్గరుండే నీళ్ళ గొట్టంతో మట్టం చూసి, 5 మీటర్లకో పుల్ల గుచ్చండి. 100 మీటర్లకు 5 మీటర్లు దిగే వాలులో వరుసకూ వరుసకూ మధ్య 20 మీటర్లు చాలు.

నాటడానికి జూన్ చివర, జూలై మంచి అదను. పెద్ద వానలొచ్చేలోగా వేరు పట్టేస్తుంది. దుబ్బును చీల్చి రెండు మూడు పిలకలకో మొక్క చేసుకోండి. ఆకు 20 సెంటీమీటర్లు, వేరు 10 సెంటీమీటర్లు ఉంచి మిగతాది కోసేయండి. చాలు తీసి, కాస్త పశువుల ఎరువు వేసి, 15 సెంటీమీటర్లకో మొక్క చొప్పున నాటాలి. 10 మీటర్ల వరుసకు దాదాపు 70 మొక్కలు పడతాయి. పొదుపని అడుగున్నరకొకటి పెడితేనే చిక్కు. ఆ సందులోకి నీళ్ళన్నీ చేరి అక్కడే గండి కొడతాయి. అలాంటి వరుస కన్నా అసలు వెయ్యకపోవడమే మేలు. చచ్చిన మొక్కల చోట నెలలోపే కొత్తవి పెట్టాలి.

మొక్కలు చావడానికి ముఖ్య కారణం నాటే లోపే వేళ్ళు ఎండిపోవడం. తడి గోనెసంచిలో చుట్టి ఉంచండి. ఇంకో కారణం నీడ. మామిడి కొమ్మల కింద ఇది ఎదగదు, కొమ్మల అంచు దాటాకే నాటాలి. లేత ఆకును మేకలు వదలవు కాబట్టి మొదటి ఏడాది కాపలా తప్పదు. విత్తనం రాలి చేనంతా మొలవని రకమే కావాలని నర్సరీలో అడిగి తీసుకోండి.

నాలుగైదు నెలలకు మోకాలి ఎత్తుకు కోస్తే పిలకలు వేసి వరుస మూసుకుంటుంది. ఎండుటాకు దుబ్బులోనే వదిలేస్తే చెదలు చేరతాయి. కోసిన ఆకును మామిడి పాదుల్లో పరచండి, తేమ నిలుస్తుంది. మానుకు మాత్రం జానెడు ఎడం ఉంచండి.

ఇక వేరు కావాలనుకునేవాళ్ళు గట్టు మీద గునపం వెయ్యొద్దు, ఆ వాసన కోసం గట్టే పోతుంది. మిద్దె మీద బాగా ఎండ తగిలేచోట 50 లీటర్ల సంచిలో సగం ఇసుక, సగం ఎర్రమట్టి, రెండు దోసిళ్ళ ఎరువు కలిపి విడిగా పెంచండి. 15 నెలల తర్వాత సంచిని పక్కనుంచి కోసి, నీళ్ళ ధారతో మట్టి కడిగితే వేళ్ళు తెగకుండా వస్తాయి. వాటిని నీడలోనే ఆరబెట్టండి. పైనున్న పిలకలు మళ్ళీ నాటుకోవచ్చు.