చిన్న గుట్ట ఎక్కితే అంత దూరం ఎలా కనిపిస్తుంది?

"ఇంత చిన్న గుట్ట ఎక్కితే ఏం కనిపిస్తుందండీ?" ఈ మాట విన్నప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. చాలా కనిపిస్తుంది. ఎందుకో చెప్తా, ముందు ఒక పళ్ళెం తెచ్చుకోండి.

అందులో కాసిన్ని నీళ్ళు పోసి బల్ల మీద పెట్టండి. కిందికి వంగి, కన్ను సరిగ్గా అంచు దగ్గరికి తీసుకురండి. నీళ్ళు లేవు, అంచు గీత ఒక్కటే ఉంది. ఇప్పుడు తల జానెడు ఎత్తండి. పళ్ళెం మొత్తం తెరుచుకుంది కదా!

నేల మీద మనం ఎప్పుడూ ఆ అంచు దగ్గరే ఉంటాం. అరకిలోమీటరు దూరంలో 50 మీటర్ల వెడల్పున్న కుంట ఒకటి ఉందనుకోండి. నేల మీద నుంచి అది సన్నటి గీత, అదీ మధ్యలో చెట్లు లేకపోతే. 100 మీటర్ల గుట్ట మీద నుంచి అదే కుంట దాదాపు 60 రెట్లు విచ్చుకుంటుంది, నిండు చందమామకు రెండింతలంత! గట్టు వంపు, నీళ్ళలో మబ్బు, ఒడ్డున పచ్చిక, అన్నీ తెలుస్తాయి.

ఇక దూరం. కళ్ళు 1.6 మీటర్ల ఎత్తులో ఉంటే చదును నేల మీద చూపు 4.5 కిలోమీటర్ల దాకా ఆనుతుంది, ఆపైన భూమి వంపు అడ్డం. 100 మీటర్లు ఎక్కితే 36. మరి 400 ఎక్కితే? 144 అనుకుంటారు. కాదు, 71! ఎత్తు నాలుగింతలైతే దూరం రెండింతలే. పైగా మరీ ఎత్తుకి పోతే పళ్ళెం కనిపిస్తుంది గానీ అందులో గింజ కనిపించదు. నాకైతే గట్టు మీద నడిచే మనిషి కనిపించే ఎత్తే ఇష్టం.

గుట్ట దగ్గర బోర్డు మీద ఎత్తు 600 మీటర్లు అని ఉంటే, అది సముద్రమట్టం నుంచి లెక్క. చుట్టూ నేలే 550లో ఉంటే మీకు దక్కేది 50. పళ్ళెంతో పాటు బల్లనీ ఎత్తితే లాభం లేదు, తల ఎత్తాలి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. గుట్ట నెత్తి గుండ్రంగా ఉంటే నడిమధ్యలో ఆగొద్దు, కొండ పొట్టే కిందిదాన్ని కప్పేస్తుంది. వాలు మొదలయ్యే దాకా నాలుగడుగులు వెయ్యండి. వాన వెలిశాక వెళ్ళండి, గాలిలో దుమ్ము కడుక్కుపోయి ఉంటుంది. పొద్దున్నే అయితే ఏటవాలు ఎండకి గట్ల నీడలు పడతాయి, మిట్టమధ్యాహ్నం ఆ నీడలుండవు. దూరపు కొండల నీలం అంటే, మనకీ వాటికీ మధ్యలో ఉన్న గాలి వెదజల్లే వెలుగే. ఎంత దూరమైతే అంత లేత. ఆ లేతదనం చూసే ఏ వరస ముందుందో, ఏది వెనకుందో చెప్పేయొచ్చు.