పాత మెషీన్‌కి కస్టమ్స్ వాళ్ళు పళ్ళు చూస్తారు

[వెనక చీమకుర్తి రోడ్డు, లారీలో గ్రానైట్ బ్లాక్]

"ఇన్‌వాయిస్ ఉంది, డబ్బు బ్యాంకు ద్వారానే పంపాం. ఇంకా ఏం కావాలంటన్నా వాళ్ళకి?" ఈ మాట చీమకుర్తిలో నాకు తరచూ వినపడుతుంది. ఇటలీ నుంచి గ్రానైట్ బ్లాకుల్ని పలకలుగా కోసే పాత గ్యాంగ్‌సా మెషీనో, పాలిషింగ్ లైనో తెప్పించుకునేవాళ్ళు ఎక్కువమంది, కొన్న రేటు మీద డ్యూటీ కట్టేస్తే పని అయిపోతుందని అనుకుంటారు. ఈ ఒక్క పొరపాటుతో కంటైనర్ పోర్టులో ఆగిపోతుంది, రోజులు లెక్కపెట్టి అద్దె పడుతుంది. అది చూస్తుంటే కడుపు మండుతుంది.

మన జిల్లాలో ఎడ్ల బండలాగుడు పోటీలు చూడనివాళ్ళు ఉండరు. రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని పెడతారు. "మాది నాలుగు పళ్ళ గిత్తే" అని యజమాని చెప్తే కమిటీవాళ్ళు రాసుకుని ఊరుకోరు. నోరు తెరిచి చూస్తారు. ఆయన అబద్ధమాడుతున్నాడని కాదు, గిత్త వయసు మాటతో తేలేది కాదు కాబట్టి.

కస్టమ్స్‌లో అలా నోరు తెరిచి చూసే మనిషి చార్టర్డ్ ఇంజినీర్, అంటే మెషీన్లు పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే గుర్తింపు ఉన్న ఇంజినీర్. మెషీన్‌కి పళ్ళంటే నేమ్ ప్లేటు. ఏ సంవత్సరంలో తయారైంది, మోడల్ ఏంటి, సీరియల్ నంబరు ఎంత, కొత్తలో దాని ధర ఎంత, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది, రిపేర్లు ఏమైనా చేశారా? ఇవన్నీ ఆయన రిపోర్టులో ఉండాలి. ఈ పద్ధతి 2015 అక్టోబరు నాటి 25వ నంబరు కస్టమ్స్ సర్క్యులర్‌లో ఉంది.

[బోర్డు మీద రాస్తూ]

ఇప్పుడు అసలు లెక్క. కొత్త ధర నుంచి తరుగుదల తీస్తారు. మొదటి ఏడాది ప్రతి మూడు నెలలకు 4 శాతం, రెండో ఏడాది 3, మూడో ఏడాది రెండున్నర, నాలుగో ఏడాది నుంచి 2. కూడితే మూడేళ్ళకు 38, అయిదేళ్ళకు 54, ఏడేళ్ళకు 70. అక్కడితో ఆగిపోతుంది. 70 దాటి తరుగు ఇవ్వరు.

గిత్తకి ఎనిమిది పళ్ళు వచ్చేశాక ఇంక పళ్ళు పెరగవు కదా. అయిదేళ్ళ ఎద్దూ ఎనిమిది పళ్ళదే, పదేళ్ళ ఎద్దూ ఎనిమిది పళ్ళదే. మెషీన్ కూడా అంతే. ఏడేళ్ళదైనా, ఇరవై ఏళ్ళదైనా ఈ లెక్కలో దాని విలువ కొత్త ధరలో 30 శాతమే.

ఒక ఉదాహరణ. 2012లో తయారైన మెషీన్, కొత్తలో 2 లక్షల యూరోలు. మీరు 35 వేలకు కొన్నారు. లెక్క ప్రకారం 60 వేలు. తేడా కనపడగానే ఆఫీసర్ మిమ్మల్ని వివరణ అడుగుతారు.

ఇక్కడే ఇంకో అపోహ. "అయితే 60 వేల మీద కట్టాల్సిందేనా?" అని భయపడిపోతారు. కాదు! ఆ 60 వేలు పోల్చి చూడటానికి. తేడా పెద్దగా ఉంటే, సరుకుకి విలువ కట్టే కస్టమ్స్ వాల్యుయేషన్ రూల్స్‌లో 12వ రూలు కింద వివరణ అడగాలి, మీరిచ్చిన ఆధారాలు, మెషీన్ స్థితి చూసి నిర్ణయించాలి. ఈ అవకాశం ఉందని తెలియక, నోరు మెదపకుండా ఎక్కువ కట్టేసినవాళ్ళు ఉన్నారు. కొనుగోలు ఒప్పందం, బ్యాంకు రెమిటెన్స్ కాగితం, అరిగిపోయిన భాగాల ఫోటోలు, అమ్మిన ఫ్యాక్టరీ ఎందుకు అమ్ముతోందో తెలిపే ఉత్తరం. ఇవి ముందే ఫైల్లో పెట్టుకోండి.

నా అనుభవం ఒకటి చెప్తాను. నేను కాగితాలు చూసిన ఒక మెషీన్‌ని అమ్మినవాళ్ళు మంచి మనసుతోనే శుభ్రంగా పెయింట్ కొట్టి పంపారు. ఆ పనిలో నేమ్ ప్లేటు ఊడదీసి ఎక్కడో పడేశారు. పళ్ళు లేని గిత్తని తెచ్చి వయసు చెప్పమంటే ఎవరు చెప్తారు? అది తేలేవరకు ఆ యజమాని పడ్డ టెన్షన్ నాకు ఇంకా గుర్తుంది.

అందుకే మెషీన్ని అక్కడ విప్పకముందే ఇంజినీర్‌కి చూపించండి. అక్కడి ఇంజినీర్ ఇచ్చిన రిపోర్టు సర్క్యులర్ చెప్పిన "ఫారం-ఏ" అనే నమూనాలో ఉంటే ఇక్కడ తీసుకుంటారు. అది లేకపోతే ఇక్కడ ఇంజినీర్ చూసి "ఫారం-బీ" ఇవ్వాలి. అప్పటికి మెషీన్ ముక్కలుగా డబ్బాల్లో ఉంటుంది. సంతలో పళ్ళు చూసి కొంటాం గానీ, ఇంటికి తోలుకొచ్చాక చూడం కదా.

[గడియారం వైపు చూస్తూ] టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

ఉత్పత్తికి వాడే పాత మెషీన్లకు సాధారణంగా లైసెన్స్ అక్కర్లేదు. కానీ "ఎలాగూ కంటైనర్లో చోటుంది" అని పాత డీజిల్ జనరేటర్ పడేయకండి. జనరేటర్, ఏసీ, కంప్యూటర్, ల్యాప్‌టాప్, జిరాక్స్ మెషీన్ పాతవైతే డీజీఎఫ్‌టీ, అంటే కేంద్రంలో విదేశీ వాణిజ్యం చూసే ఆఫీసు, అనుమతి కావాలి. బాగుచేసిన స్పేర్లయితే 80 శాతం ఆయుష్షు మిగిలి ఉందని చార్టర్డ్ ఇంజినీర్ రాసివ్వాలి.

బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే దిగుమతి సరుకు వివరాలతో కస్టమ్స్‌కి ఇచ్చే పత్రం, ఓడ వచ్చే ముందు రోజుకల్లా వేయించండి. ఆలస్యమైతే మొదటి మూడు రోజులు రోజుకు 5,000, తర్వాత రోజుకు 10,000 రూపాయలు.

డ్యూటీ: రాయి కోసే మెషీన్ మీద బేసిక్ 7.5 శాతం, దాని మీద పదో వంతు సర్‌ఛార్జి, మొత్తం మీద 18 శాతం ఐజీఎస్టీ. వందకు దాదాపు 27 రూపాయల 70 పైసలు. ఐజీఎస్టీ తర్వాత మీరు కట్టాల్సిన జీఎస్టీలో క్రెడిట్‌గా తగ్గుతుంది, మిగతాది తగ్గదు. ఈ వంద అంటే ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ కలిపిన ధర.

చివరిది, చెక్క ప్యాకింగ్. పురుగు లేకుండా శుద్ధి చేసినట్టు గోధుమ కంకి బొమ్మతో ముద్ర ఉండాలి. ఆ ముద్ర, నేమ్ ప్లేటు రెండిటి ఫోటోలూ తెప్పించుకోండి, అక్కడ కంటైనర్ తలుపు మూయకముందే.