జార్జోనే ‘నిద్రిస్తున్న వీనస్’ను ఎలా చూడాలి?

నమస్కారం. స్క్రీన్ మీద ఉన్నది ‘నిద్రిస్తున్న వీనస్’. 1510 ప్రాంతంలో వెనిస్ చిత్రకారుడు జార్జోనే వేసిన తైలవర్ణ చిత్రం. ఇప్పుడు జర్మనీలో, డ్రెస్డెన్ మ్యూజియంలో ఉంది. ఆరుబయట ఒక స్త్రీ నగ్నంగా పడుకుని ఉంది. ఈమె ఎవరు, కథేమిటి అన్నవి తర్వాత చూద్దాం. ముందు గీత సంగతి.

వీడియో పాజ్ చేసి, పైకెత్తిన మోచేతి మీద వేలు పెట్టండి. అక్కడి నుంచి భుజం, నడుము, తుంటి, మోకాలు, పాదం దాకా మెల్లగా జరపండి. వేలు ఎక్కడా ఆగదు. ఇప్పుడు కాస్త పైకి వెళ్లి వెనకున్న నేల వాలు వెంట జరపండి. అవే ఒంపులు కదా! తల వెనక చీకటి గుట్ట కూడా ఎత్తిన చేతినే అనుసరిస్తోంది. నాకు ఈ బొమ్మలో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. నేల, ఒళ్లు ఒకే లయలో సాగుతాయి. ప్రకృతిని తీసేస్తే ఈ భంగిమకు సగం ప్రాణం పోతుంది.

ఒంటి కింద వెండి రంగు దుప్పటిని జూమ్ చేస్తున్నాను. మడతలు పదునుగా, కోణాలుగా విరిగాయి. అవి పక్కనే ఉండబట్టే చర్మం అంత మెత్తగా అనిపిస్తుంది.

ఇక కథ. వీనస్ అంటే రోమన్ పురాణాల్లో ప్రేమ దేవత. జార్జోనే 1510లోనే చనిపోయాడు. 1525లో మార్కాంటోనియో మిఖియేల్ అనే కళాభిమాని వెనిస్‌లో ఒక ఇంట్లో ఈ చిత్రాన్ని చూశాడు. ప్రకృతి దృశ్యాన్నీ, వీనస్ కొడుకు, బాల ప్రేమదేవుడు అయిన క్యూపిడ్‌నూ టిషియన్ అనే మరో వెనిస్ చిత్రకారుడు పూర్తి చేశాడని రాసిపెట్టుకున్నాడు. మరి క్యూపిడ్ ఏడీ? వీనస్ పాదాల దగ్గర ఉండేవాడు. బాగా పాడైపోవడంతో 19వ శతాబ్దంలో పైన రంగు వేసి కప్పేశారు. ఎక్స్‌రే తీస్తే ఆ జాడ బయటపడింది.

ఇది చిన్న మార్పేం కాదు. క్యూపిడ్ ఉంటే ఈమె వీనస్ అని చూడగానే తెలుస్తుంది. పెళ్లి సందర్భంగా వేయించిన చిత్రమని కొందరు పండితులు అనడానికి అదీ ఒక కారణం. అతను లేకపోతే మనకు మిగిలేది నిద్ర, కొండలు, ఆకాశం. ఈ బొమ్మను ‘ప్రశాంతత’ అని చదివేటప్పుడు, అందులో కొంత ఆ కప్పేసిన రంగు చలవేనని గుర్తుపెట్టుకోండి.

ఇదే భంగిమను టిషియన్ 1538లో ‘ఉర్బినో వీనస్’కు వాడుకున్నాడు. ఆ చిత్రాన్ని దీని పక్కన పెట్టి చూడండి. ఆమె కళ్లు తెరిచి నేరుగా మనవైపే చూస్తుంది. పాదాల దగ్గర కుక్కపిల్ల, వెనక గదిలో పనివాళ్లు. కొండ వాలు ఉండాల్సిన చోట ముదురు తెర అంచు నిటారుగా కిందికి దిగుతుంది.