ఇరవై అంగుళాలు: ఎస్ఎల్-1 రియాక్టర్ ప్రమాదం గుట్టు ఎలా విప్పారు

అందరికీ నమస్కారం.

అణు ప్రమాదం అనగానే మనకు చెర్నోబిల్, ఫుకుషిమా గుర్తొస్తాయి. ఇవాళ నేను చెప్పబోయేది వాటికంటే చాలా ముందు, 1961 జనవరి 3 రాత్రి అమెరికాలోని ఐడహో ఎడారిలో జరిగింది. ఎస్ఎల్-1 అనేది 3 మెగావాట్ల బుల్లి రియాక్టర్. ఆర్కిటిక్ మంచులో ఉండే రాడార్ కేంద్రాలకు కరెంటు, వేడి ఇవ్వడానికి అమెరికా సైన్యం కట్టించుకున్న నమూనా.

పండగ సెలవులకని డిసెంబరు 23న దాన్ని ఆపేశారు. మళ్ళీ నడపడానికి ముందు, ఊడదీసిన కంట్రోల్ రాడ్లను, అంటే న్యూట్రాన్లను మింగి రియాక్టర్‌ను అదుపులో ఉంచే కడ్డీలను, వాటిని కదిపే యంత్రాలకు తగిలించాలి. ఆ పని నైట్ షిఫ్టులో ఉన్న ముగ్గురిది. రాత్రి 9:01కి ఫైర్ స్టేషన్‌లో అలారం మోగింది. అదే రోజు అంతకుముందు రెండుసార్లు అది ఉత్తుత్తిగా మోగింది. వచ్చిన సిబ్బందికి మంటా కనబడలేదు, పొగా కనబడలేదు. కంట్రోల్ రూములో మనిషి లేడు. మెట్లెక్కుతుంటే రేడియేషన్ మీటరు ముల్లు చివరికంటా కొట్టేసింది. ఆ ముగ్గురిలో ఎవరూ దక్కలేదు. ఏం జరిగిందో చెప్పడానికి కళ్ళారా చూసినవాళ్ళు మిగల్లేదన్నమాట.

అసలు ఇది అణు ప్రమాదమేనా అన్నది మొదటి సందేహం. ఈ రకం రియాక్టర్ తనంతట తానే అదుపులో ఉంటుందని నిపుణుల నమ్మకం. అందుకే ఏదో రసాయన పేలుడై ఉంటుందన్నారు. ఆ మాటను కొట్టిపారేసింది ఒక సిగరెట్ లైటరులోని చిన్న స్క్రూ. చనిపోయినవాళ్ళ వస్తువుల్లో దొరికిన ఆ స్క్రూలోని రాగి కొంత రాగి-64 అనే రేడియోధార్మిక రూపంగా మారింది. వాచీ బకిల్‌లోని బంగారం కొంత అలాగే బంగారం-198 అయింది. మామూలు పేలుడుతో ఇలా జరగదు. అణు చర్యలో వెలువడే న్యూట్రాన్లు వచ్చి గుద్దితేనే జరుగుతుంది. రాగి-64 దాదాపు 13 గంటలకోసారి సగం తరిగిపోతుంది. ఆలస్యం చేసి ఉంటే సాక్ష్యం చేజారేది. ఈ దర్యాప్తు మొత్తంలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే.

తర్వాత నెలల తరబడి, మనిషి దగ్గరికి వెళ్ళలేని చోటికి దూరం నుంచే కెమెరాలు దించి చూశారు. మధ్యలో ఉండే 9వ నంబరు రాడ్ మీద గీతలున్నాయి. పని కోసం దాన్ని చేత్తో 4 అంగుళాలు ఎత్తితే చాలు. గీతల ప్రకారం, లెక్కల ప్రకారం అది సుమారు 20 అంగుళాలు పైకి లేచింది. 4 మిల్లీసెకన్లలో శక్తి దాదాపు 20,000 మెగావాట్లకు ఎగబాకింది. ఇంధనం కరిగి, నీళ్ళు ఒక్కసారిగా ఆవిరై, పైనున్న నీళ్ళు సమ్మెట దెబ్బలా మూతను తాకాయి. దాదాపు 12 టన్నుల రియాక్టర్ పాత్ర పైపుల్ని తెంచుకుని 9 అడుగులకు పైగా లేచి, మళ్ళీ తన గుంటలోనే పడింది. ఎక్కడిది అక్కడే ఉంది కాబట్టి, అది గాల్లోకి లేచిన సంగతి చాలాకాలం ఎవరికీ తట్టలేదు.

మరి రాడ్‌ని అంతెత్తు ఎందుకు లాగారు? మనిషి చేత్తో అంత జోరుగా లాగగలడా అని నమూనా కట్టి, మనుషులతో లాగించి చూశారు. లాగగలడు. ఇక పుకార్లకు అడ్డేముంది? ప్రేమ వ్యవహారమన్నారు, పగ అన్నారు, ఆత్మహత్య అన్నారు. దేనికీ ఆధారం లేదు. నాకైతే ఈ కథలు వింటే చిరాకు. చచ్చిపోయినవాడు వచ్చి కాదని చెప్పలేడు కదా!

ఆధారాలున్న సంగతి వేరే ఉంది. ఇంధన పలకలకు అతికించిన బోరాన్ పట్టీలు న్యూట్రాన్లను మింగి రియాక్టర్‌ను అణచిపెట్టాలి. అవి తుప్పుపట్టి, ఉబ్బి, పెచ్చులూడిపోయాయి. ఆ లోటు పూడ్చడానికి 1960 నవంబరులో క్యాడ్మియం పట్టీలు దూర్చారు. రాడ్లు తరచూ ఇరుక్కుంటున్నాయి. ఇరుక్కున్న రాడ్‌ని బలంకొద్దీ గుంజితే ఒక్కసారిగా ఊడి పైకొచ్చిందా? అయ్యుండొచ్చు. నిరూపించలేకపోయారు. ప్రత్యక్ష కారణం రాడ్‌ని చేత్తో పైకి లాగడమే. ఎందుకు లాగారన్నది మాత్రం తేలలేదు.

నా దృష్టిలో అసలు తప్పు డిజైన్‌ది. ఒక్క రాడ్ లేస్తే చాలు, రియాక్టర్ రాజుకుంటుంది. అలాంటిదాన్ని చేతికి అందేలా పెట్టి, పెచ్చులూడుతున్నా నడిపించారు. ఈ ప్రమాదం తర్వాత డిజైనర్లకు ఒక నియమం గట్టిపడింది: రియాక్టర్‌ను అణచడంలో అన్నిటికంటే ఎక్కువ ప్రభావం ఉన్న రాడ్ పూర్తిగా బయటే ఇరుక్కుపోయినా, మిగతావి రియాక్టర్‌ను ఆపి ఉంచగలగాలి. మనిషి ఎందుకు లాగాడన్న ప్రశ్నకు జవాబు దొరక్కపోయినా ఈ నియమం పనిచేస్తుంది.

బోరాన్ పట్టీల గురించి, రాడ్ లెక్కల గురించి ఇంకా వివరంగా కావాలంటే అడగండి, చెబుతాను.