ఎపిసోడ్ 27: మీగడ దురద, బాబాయి సీసా

(కుర్చీ లాగిన చప్పుడు)

పద్మ: నమస్కారం. మళ్లీ మేమే. కిందటిసారి తలుపు దగ్గర ఆపేశాం కదా, ఆ తలుపు ఇంకా అలాగే ఉంది. దాని గురించి ఎవరూ అడగవద్దు.

బాబాయి: నీలం బకెట్ గురించి అడగవచ్చా?

పద్మ: అస్సలు అడగకూడదు. ఈరోజు సంగతి పిల్లుల చర్మానికి వచ్చే అలర్జీ. తిండి మార్చి, ఇంట్లో చేసుకునే సహజ వైద్యాలతో దాన్ని ఎంతవరకు అదుపులో పెట్టవచ్చు అని. మన పిల్లి మీగడ పొట్ట ఫొటో పెట్టినప్పటి నుంచి ఇదే ప్రశ్న వస్తోంది.

బాబాయి: దాన్ని పొట్ట అంటావా? మంగలిని పిలిపించి గీయించినట్టు నున్నగా ఉంది.

పద్మ: జుట్టు రాలిపోతోందని నేను షాంపూలు వెతుకుతూ కూర్చున్నాను. డాక్టర్ గారు నాలుగు వెంట్రుకలు తీసి మైక్రోస్కోపు కింద పెట్టి చూపించారు. కొనలన్నీ చీపురు పుల్ల విరిచినట్టు తెగి ఉన్నాయి. వాటంతట అవి రాలితే కొన సన్నగా ఉండాలట. మీగడే నాకి నాకి తెంపుకుంది. పిల్లి నాలుక మీద ముళ్లు ఉంటాయి కదా.

బాబాయి: పైగా మన ఎదురుగా నాకదు. రాత్రి రెండు గంటలకు సోఫా వెనక చేరుతుంది. చప్, చప్, చప్. నేను దగ్గితే ఆపేస్తుంది.

పద్మ: మెడ మీద చెయ్యి పెడితే ఇంకొకటి తెలిసింది. కంటికి ఏమీ కనబడదు, వేళ్లకు మాత్రం చిరుధాన్యం గింజలు తగిలినట్టు పొక్కులు. దాని పేరే మిలియరీ డెర్మటైటిస్. మిలియం అంటే లాటిన్‌లో చిరుధాన్యమే. పేరు పెట్టినవారు మనలాగే చేత్తో తడిమి ఉంటారు.

బాబాయి: పేర్లు తరువాత. తిండి సంగతికి రా. నేను మొదటి రోజు నుంచీ చెబుతున్నాను, పొట్లాన్ని వెనక్కి తిప్పండి అని. ముందు వైపు ఉండేది బొమ్మ. అసలు సంగతి వెనక, చీమ తలకాయంత అక్షరాల్లో...

పద్మ: బాబాయ్, తిండి కంటే ముందు ఫ్లీలు, అంటే బొచ్చులో దాక్కుని రక్తం తాగే చిన్న పురుగులు.

బాబాయి: మీగడ మీద ఫ్లీలు లేవు. నేనే చూశాను.

పద్మ: మీరు చూశారు, కనబడలేదు. దురద పుట్టిన పిల్లి వాటిని నాకి మింగేస్తుంది. ఆ గెంతే పురుగు ఉమ్మికి అలర్జీ ఉన్న పిల్లికి రెండు మూడు కాట్లే చాలు, రోజుల తరబడి గోక్కుంటుంది. పిల్లుల చర్మ అలర్జీల్లో ఎక్కువగా కనబడేది ఇదే. గుర్తుందా, సన్నటి దువ్వెనతో దువ్వి, రాలిన నల్లటి రేణువులను తడి కాగితం మీద వేశాం?

బాబాయి: మిరియం పొడిలా ఉన్నాయి. ఒక నిమిషం తరువాత చుట్టూ తుప్పు రంగు పాకింది.

పద్మ: అది మీగడ రక్తమే. ఫ్లీ తాగి విసర్జించినది. మట్టి రేణువైతే ఆ రంగు రాదు. ఇక పిల్లి ఒంటి మీద ఉండేవి కొన్నే. ఇంట్లో ఉన్న వాటిలో దాదాపు 95 శాతం గుడ్లుగా, లార్వాలుగా, ప్యూపాలుగా తివాచీలో, పరుపు అంచుల్లో ఉంటాయి. అందుకే ఇంట్లో జంతువులన్నిటికీ మందు వేయాలి, నెలల తరబడి వేస్తూ ఉండాలి. పిల్లులకని చెప్పిన మందే సుమా. కుక్కల మెడ మీద వేసే మందుల్లో పర్మెత్రిన్ ఉంటే అది పిల్లి ప్రాణం తీస్తుంది.

బాబాయి: అందుకే వెనక్కి తిప్పి చదవమనేది!

పద్మ: సరే, ఆ ఒక్కచోట మీదే గెలుపు. ఇప్పుడు తిండి. ఫ్లీలు తగ్గినా దురద సగమే తగ్గింది. తిండి అలర్జీ అనేది దాదాపు ఎప్పుడూ మాంసకృత్తులతోనే. పిల్లుల్లో ఎక్కువగా బయటపడేవి గొడ్డు మాంసం, చేప, కోడి. కొత్తగా పెట్టిన తిండితోనే అలర్జీ వస్తుందని అనుకుంటాం గానీ, ఏళ్ల తరబడి హాయిగా తిన్న తిండికే ఒకరోజు ఒళ్లు ఎదురు తిరగవచ్చు. రక్తం, వెంట్రుకలు పంపితే ఫలానా తిండి పడదని చెప్పే పరీక్షలు ఉన్నాయి, వాటిని నమ్మలేం. దారి ఒక్కటే. పిల్లి ఎన్నడూ తినని మాంసం గానీ, హైడ్రొలైజ్డ్ తిండి గానీ 8 వారాలు పెట్టడం. అది తప్ప మరేదీ నోట్లోకి వెళ్లకూడదు.

బాబాయి: హైడ్రొలైజ్డ్ అంటే, పద్యాన్ని అక్షరాలుగా విడగొట్టి గంపలో పోసినట్టు. ఆ అక్షరాలను చూసి ఇది ఏ పద్యమో ఎవరూ పోల్చుకోలేరు. ఒళ్లు కూడా అంతే, ఇది కోడి అని పోల్చుకోలేదు.

పద్మ: ఇంత చక్కగా చెబుతారు, మరి దుకాణానికి వెళ్లి తెచ్చింది ఏమిటి?

బాబాయి: ఒకే మాంసం ఉన్న పొట్లం. ముందూ వెనకా చదివే తెచ్చాను. బాతు, అంతే. కోడి లేదు, చేప లేదు.

పద్మ: చీటీ మీద లేదు. ఒకే యంత్రంలో పొద్దున కోడి, సాయంత్రం బాతు తయారవుతుంది. ఇలాంటి పొట్లాలను పరీక్షిస్తే చీటీలో లేని మాంసాల జాడలు దొరికాయని పదేపదే తేలింది. పరీక్ష కోసం డాక్టర్ రాసిచ్చే తిండి వేరు, అలమారులో దొరికేది వేరు.

బాబాయి: అంటే నేను కళ్లద్దాలు పెట్టుకుని చదివినదంతా దండగేనా?

పద్మ: దండగ అనలేదు. చాలదు అన్నాను.

బాబాయి: ఒకటే.

(కొద్దిసేపు మౌనం)

పద్మ: అలగకండి. నా తప్పు కూడా ఉంది. కొత్త తిండిని మొదటి రోజే పూర్తిగా మార్చేశాను. మీగడ వాసన చూసి, మట్టి కప్పుతున్నట్టు నేల గీకి వెళ్లిపోయింది.

బాబాయి: ఆకలేస్తే అదే తింటుంది అన్నాను నేను.

పద్మ: ఆ మాటే పిల్లి విషయంలో ప్రమాదం. కుక్క ఒక పూట మాడినా తట్టుకుంటుంది. పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంట్లో కొవ్వంతా కాలేయానికి చేరి అది పాడవుతుంది, లావు పిల్లులకు మరీ. వారం పది రోజులు పాతది తగ్గిస్తూ కొత్తది పెంచాలి. మొండికేస్తే గోరువెచ్చగా చేసి పెట్టాలి, వాసన లేస్తుంది. బతిమాలాలి.

బాబాయి: బతిమాలాం. నేల మీద బోర్లా పడుకుని బతిమాలాను.

పద్మ: సరే, డాక్టర్ గారు రాసిన తిండికి మారాం. రోజూ రాత్రి నేను నోటుపుస్తకంలో మార్కులు వేశాను, దురద పదికి ఎంత అని. మొదటి వారం 8. తరువాత 7, 7, 5, 4. అయిదో వారానికి పొట్ట మీద నూగు వచ్చింది. అద్దం మీద ఆవిరిలా, వెలుతురులో పక్కకు తిప్పితేనే కనబడేంత. నేను ఏడ్చినంత పని చేశాను. ఆరో వారం చూస్తే మళ్లీ 7.

బాబాయి: నావైపు ఎందుకు చూస్తున్నావు?

పద్మ: ఈ ఇంట్లో ఉన్నది ముగ్గురం. అందులో ఒకరికి అలమారు తెరవడం రాదు.

బాబాయి: నేను ఒక్క మెతుకు పెట్టలేదు. ఒట్టు. నువ్వే ఆ రోజు ఫోను మాట్లాడుతూ వేలికి అంటినది నాకించావు, నేను చూశాను.

పద్మ: అది... అది కొంచెం పెరుగు మీగడ.

బాబాయి: మీగడకు మీగడ! పాలల్లో మాంసకృత్తులు ఉండవా? విన్నారా శ్రోతలూ, నోటుపుస్తకం రాసేది ఈవిడ!

పద్మ: ఒక్కసారి, ఒక్క వేలు. తప్పే, ఒప్పుకుంటాను. మీరు మాత్రం ఆలోచించి చెప్పండి. తిండి అని కాదు, దాని నోట్లోకి ఏదైనా వెళ్లిందా?

బాబాయి: ఏమీ లేదు. ఆ చేపనూనె తప్ప.

పద్మ: ఏ చేపనూనె?

బాబాయి: చర్మానికి మంచిది కదా, సహజమైనది. ఒమేగా-3. నువ్వే చెప్పావు, అవిసె నూనెలో ఉండే రకాన్ని పిల్లి ఒళ్లు సరిగ్గా మార్చుకోలేదు, చేపనూనె అయితేనే నేరుగా పనికివస్తుందని. రోజుకొక గొట్టం మాత్ర. బాగా నచ్చింది దానికి, గొట్టంతో సహా నమిలేస్తుంది.

పద్మ: గొట్టంతో సహా.

బాబాయి: ఆ.

పద్మ: ఎప్పటి నుంచి?

బాబాయి: అయిదో వారం... నూగు వచ్చింది కదా, త్వరగా పెరుగుతుందని.

పద్మ: బాబాయ్, ఆ సీసా తీసుకురండి.

(అడుగుల చప్పుడు, అలమారు తలుపు)

పద్మ: వెనక్కి తిప్పండి.

బాబాయి: ...

పద్మ: మైకులోకి చదవండి.

బాబాయి: శుద్ధి చేసిన చేపనూనె. గ్లిజరిన్. జెలటిన్, కుండలీకరణాల్లో... గొడ్డు.

పద్మ: అంటే ఆ గొట్టం తొడుగు గొడ్డుదే. మీగడ ఏళ్ల తరబడి తిన్న డబ్బాల్లో సగం గొడ్డు మాంసమే.

బాబాయి: ఇది నూనె సీసా. దీన్ని తిండి అని ఎవరు అనుకుంటారు?

పద్మ: ఎవరూ అనుకోరు. అందుకే ఈ పరీక్ష ఇన్ని ఇళ్లలో చెడిపోయేది. రుచి కలిపిన నులిపురుగుల బిళ్ల, మందు దాచి పెట్టే మెత్తటి ముద్ద, పక్కింటి కుక్క గిన్నె... నిజంగా తిండి అలర్జీయే అయితే 8 వారాల్లో పదింట తొమ్మిది పిల్లులకు తేడా తెలుస్తుంది. మధ్యలో చెడితే ఆ వారాలన్నీ పోయినట్టే.

బాబాయి: ఆ పెరుగు మీగడ కూడా కావచ్చు.

పద్మ: కావచ్చు. సీసా కూడా కావచ్చు. ఇప్పుడు ఏదని ఎలా తేలుస్తాం? మళ్లీ మొదటి వారం.

(మౌనం)

బాబాయి: మన పాత పిల్లి మసి గుర్తుందా నీకు?

పద్మ: నేను చాలా చిన్నదాన్ని. తోక మాత్రం గుర్తుంది.

బాబాయి: దానికీ ఇలాగే మెడ వెనక దురద. అప్పట్లో ఎవరో చెప్పారు, టీ ట్రీ నూనె రాస్తే పోతుందని. చెట్టు నుంచి తీసినది, మందు కాదు కదా అనుకున్నాను. నాలుగు చుక్కలు, అంతే. సాయంత్రానికి వెనక కాళ్లు తడబడ్డాయి. నోటి వెంట చొంగ. పట్టుకుంటే ఒళ్లు చల్లగా... పిల్లి ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది కదా, ఆ చల్లదనం నా చేతులకు ఇప్పటికీ తెలుస్తుంది.

పద్మ: బతికింది కదా?

బాబాయి: మూడు రోజులు ఆసుపత్రిలో ఉండి బతికింది. పిల్లి కాలేయానికి అలాంటి నూనెలను విరిచి బయటికి పంపే శక్తి మనకు ఉన్నంత లేదని అక్కడే చెప్పారు. ఒంటి మీద రాసింది నాకుతుంది కూడా, అంటే రెండు దారుల్లో లోపలికి వెళుతుంది. ఆ తరువాత ఎనిమిదేళ్లు ఉంది. నా ఒళ్లోకి మాత్రం ఎప్పుడూ రాలేదు. నేను వెనక్కి తిప్పి చదవడం మొదలుపెట్టింది అప్పుడే. సీసా వెనక ఏమీ రాసి లేదు, అది వేరే సంగతి.

పద్మ: మీరు ఇది ఎప్పుడూ చెప్పలేదు.

బాబాయి: నీలం బకెట్ గురించి నువ్వు చెప్పావా? సరే, వచ్చిన ప్రశ్నలు చదువు.

పద్మ: ఇవి గబగబా కానిద్దాం, టైము అయిపోతోంది. కొబ్బరినూనె రాయవచ్చా అని. విషం కాదు, దురద తగ్గిస్తుందన్న రుజువూ లేదు, నాకి విరేచనాలు పెట్టుకుంటుంది. యాపిల్ వెనిగర్?

బాబాయి: గోకిన పుండు మీద పులుపు పోస్తే ఎలా ఉంటుందో ముందు మన చేతి మీద పోసుకుని చూడాలి.

పద్మ: ఫ్లీలు పోవడానికి తిండిలో వెల్లుల్లి కలపవచ్చా? కలపకూడదు. ఫ్లీలు పోవు, పిల్లి ఎర్ర రక్తకణాలు మాత్రం పగిలిపోతాయి. ఉల్లి కూడా అంతే, ఉడికించినా, పొడి చేసినా అంతే. ఓట్స్ పిండి కలిపిన గోరువెచ్చని నీళ్లతో స్నానం కొంచెం ఉపశమనం ఇస్తుంది, స్నానానికి ఒప్పుకునే పిల్లి మీ దగ్గర ఉంటే.

బాబాయి: ఉంటే దాన్ని ఇక్కడికి పంపండి, మీగడకు పాఠం చెబుతుంది.

పద్మ: ఇంకొకరు, మాంసం పూర్తిగా మానిపిస్తే అలర్జీ ఉండదు కదా అని. పిల్లికి మాంసం తప్పదు. టారిన్ అనే పదార్థం దాని ఒళ్లు చాలినంత తయారు చేసుకోలేదు. అది తగ్గితే గుండె కండరం సాగి బలహీనపడుతుందని 1987లో తేలింది. కళ్లూ పోతాయి. ఇంట్లో మాంసం ఉడికించి నీళ్లు పారబోసినా టారిన్ ఆ నీళ్లతో పోతుంది. ఇంటి వంటే పెడతామంటే పాళ్లు డాక్టర్‌తో రాయించుకోండి.

బాబాయి: తిండి మార్చినా, ఫ్లీలు పోయినా దురద తగ్గకపోతే?

పద్మ: గాలిలోని పుప్పొడి, దుమ్ము పురుగులు కావచ్చు. దానికి మందులే. స్టెరాయిడ్ అంటే భయపడుతూ పిల్లిని రాత్రంతా గోక్కోనివ్వడం కూడా దాన్ని బాధపెట్టడమే. గుండ్రంగా వెంట్రుకలు ఊడి పొలుసులు లేస్తే తామరేమో చూపించండి, అది మనకూ అంటుకుంటుంది. ఇంకా...

బాబాయి: ష్.

పద్మ: ఏమిటి?

బాబాయి: సోఫా వెనక.

పద్మ: నాకు ఏమీ వినబడటం లేదు.

బాబాయి: ఒక్క నిమిషం మాట్లాడకు. అదిగో.

పద్మ: నాకుతోందా, గిన్నె నుంచి తింటోందా?

బాబాయి: గిన్నె ఇక్కడే ఉంది కదా, నా కాలి దగ్గర. ఆ సీసా మూత ఎక్కడ పెట్టావు?

పద్మ: నేను ముట్టుకోలేదు, మీరే కదా తీసి... బాబాయ్, మూత కాదు, సీసా ఎక్కడ?

(కుర్చీ పడిన చప్పుడు)